తెర ముందు పది నిమిషాలు

పోయిన నెల జరీనా మనవరాలి పెళ్లి పత్రిక పట్టుకుని హైదరాబాదులో మా ఇంటికి వచ్చింది. ముప్పై ఏళ్లకు పైగా దవాఖానాలో నర్సుగా నిలబడి పనిచేసిన మనిషి. మోకాళ్లు రెండూ అరిగిపోయాయి, ఆ రోజే మా లిఫ్టు పనిచేయలేదు, రెండంతస్తులు ఎక్కేసరికి ఆయాసపడింది. మంచినీళ్లు తాగి, కాసేపు నా గోడ మీది షీల్డులన్నీ ఒక్కొక్కటే చూసి, చీర కొంగు నడుముకు దోపి, మెడ ఎడమ పక్కకు వాల్చి, "ఏందే కౌసల్యా, గిన్ని ఇత్తడి పలకలు తెచ్చి గోడకు కొట్టినవు, ఒక్కదాంట్లన్న అన్నం తినొస్తదా?" అంది. ఆ గొంతు జరీనాది కాదు, మా మేనత్త కనకమ్మది. మేమంతా కనకత్త అనేవాళ్లం. ఆమె పోయి ఇరవై ఏళ్లు దాటింది. నా దగ్గర అసిస్టెంటుగా ఉన్న అమ్మాయి చాయ్ కప్పులతో వంటింట్లోంచి వస్తూ, ఇంకో ముసలామె ఎప్పుడొచ్చిందా అని గదంతా వెతికింది. నేనూ జరీనా ఒకరి మీద ఒకరం పడి నవ్వాం. చాయ్ చల్లారిపోయింది, మళ్లీ పెట్టించాల్సి వచ్చింది.

నలభై ఏళ్లకు పైగా నవ్వించి బతికాను. వేషాలు వేశాను, రాశాను, తొమ్మిది సినిమాలు తీశాను. ఏ సభకు వెళ్లినా ఒకటే ప్రశ్న: "మేడమ్, మీకు కామెడీ ఎవరు నేర్పారు?" ఇన్నాళ్లూ ఆ సభలో ముందు వరసలో ఉన్న పెద్దవాళ్లలో ఎవరో ఒకరి పేరు చెప్పి తప్పించుకున్నాను. వాళ్లకు సంతోషం, నాకు తొందరగా పని అయిపోతుంది. జరీనా వెళ్లిపోయాక ఇక నిజం రాయాలనిపించింది. నాకు ఈ విద్య నేర్పింది ఇద్దరు. ఒకరు కనకత్త. ఆమె పేరు చెబితే మా వాడలో ఎవరూ ఆశ్చర్యపోరు. రెండో మనిషి మా నాన్న, మేం బాపు అనేవాళ్లం. ఆయనను ఎరిగినవాళ్లు ఈ మాట నమ్మరు.

మాది వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇల్లు. ముందు గదంతా మగ్గానిదే. మిగిలిన చోట మేము సర్దుకుని ఉండేవాళ్లం. పొద్దున కళ్లు తెరిచేసరికే పంజా చప్పుడు వినిపించేది. పంజా అంటే ఇనుప పళ్లున్న దువ్వెన లాంటిది, పోగు మీద పోగు దగ్గరగా కూర్చోవడానికి దానితో కొడతారు. బాపు దెబ్బ, పక్కింటి దెబ్బ, ఎదురింటి దెబ్బ దేనికదే వేరు. పడుకున్న చోటి నుంచే ఎవరు పనిలో కూర్చున్నారో, ఎవరింట్లో జ్వరమొచ్చి మగ్గం ఆగిందో చెప్పగలిగేదాన్ని. రంగు కాగుల్లో ఉడికే నూలు వాసన, గంజి వాసన, దండేల మీద ఆరే తడి పోగుల వాసన మా బట్టలకూ జడలకూ పట్టేది, ఒక్కోసారి అన్నానికి కూడా. ఇంటి ముందు మురుగునీటి మోరీ ఒకరోజు ఎర్రగా పారేది, ఒకరోజు నీలంగా పారేది. వేరే ఊళ్లలో మోరీ నీళ్లు ఎప్పుడూ ఒకే రంగులో ఉంటాయని నాకు చాలా రోజులు తెలియదు.

బాపు పేరు నర్సయ్య. రోజుకు ఇరవై మాటలు మాట్లాడితే ఎక్కువ. ఏళ్ల తరబడి మగ్గం మీదికి వంగి వంగి ఆయన మెడ పట్టేసింది. ఎవరైనా పిలిస్తే తల ఒక్కటే తిప్పలేడు. నడుము నుంచి పైమనిషంతా మెల్లగా, తలుపు తెరుచుకున్నట్టు తిరిగేది. ఆయనకు లోకంలో ఒకటే భయం, నలుగురిలో నవ్వులపాలవడం. పెళ్లికి పోతే చివరి వరసలో కూర్చునేవాడు. చొక్కా గుండీలు రెండుసార్లు చూసుకునేవాడు. ఇంట్లో మేం గట్టిగా నవ్వితే మగ్గం ఆపేవాడు. ఒక్క మాట అనేవాడు కాదు, చప్పుడు ఆగేది అంతే. మా అవ్వ, అంటే మా అమ్మ, వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. ఆమె నవ్వు నాకు భుజాలు కదలడంగానే తెలుసు, ముఖంగా తెలియదు.

కనకత్త ఆయనకు అక్క. పెనిమిటి పోతే ఒక ట్రంకు పెట్టెతో తమ్ముడి ఇంటికి వచ్చింది, వచ్చిన వారంలోనే బయటి పనులన్నీ తన చేతిలోకి తీసుకుంది. రేషన్ బియ్యం ఇచ్చే కంట్రోలు దుకాణం, కూరగాయల మార్కెట్, మోకాళ్ల నొప్పికి మంగళవారం మంగళవారం దవాఖానా అన్నీ ఆమెవే. మధ్యాహ్నం తిన్న గిన్నెలు కడిగాక నాలుగిళ్ల ఆడవాళ్లు తమ రాట్నాలు తెచ్చుకుని మా అరుగు నీడలో కూర్చునేవాళ్లు. దారం చుడుతూ ఎవరో ఒకరు, "ఇయ్యాల ఎవలు గలిసిన్రు కనకక్కా?" అనేవాళ్లు. అంతే. కనకత్త ఆ రోజు ఎవరెవరిని చూసిందో వాళ్లందరూ ఒకరి తర్వాత ఒకరు మా అరుగు మీదికి వచ్చేవాళ్లు.

ఒకసారి బస్సు కండక్టర్‌ను చేసి చూపించింది. అందరూ చేసే కండక్టర్ అరుస్తాడు, తిడతాడు. కనకత్త చేసిన కండక్టర్ అరుస్తూనే ఒక ఖాళీ సీటు వైపు దొంగచూపులు చూశాడు. అందరినీ "ముందుకు జరుగుండ్రి, ముందుకు జరుగుండ్రి" అని తోసేది ఆ సీటు దగ్గరికి తాను చేరడానికే. చేరేసరికి అందులో ఒక మేకపిల్లను ఎత్తుకుని ఒకామె కూర్చుంది. కండక్టర్ మేకపిల్ల ముఖంలోకి చూశాడు. "గిదానికి టికెట్ ఉన్నదా?" అని అడిగిన ఆ గొంతులో ఉన్న దుఃఖం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఆడవాళ్లు రాట్నాలు వదిలేసి పొట్టలు పట్టుకున్నారు. కనకత్త ముఖంలో ఒక్క గీత కదలలేదు.

"నీకు నవ్వు రాదా అత్తా?" అని అడిగాను.

"నవ్వేది వాళ్ల పని బిడ్డా," అంది. "గది గూడ నేనే జేస్తే వాళ్లింత దూరం ఎందుకొచ్చినట్టు?"

జరీనా మా వీధి మలుపులో సైకిళ్లు బాగుచేసే ఆయన కూతురు. ఒకటో తరగతి నుంచి ఇద్దరం ఒకే బెంచీ. వాళ్లింట్లో నేను వాళ్లమ్మను ఖాలా అనేదాన్ని, మా ఇంట్లో అది కనకత్తను అత్తా అనేది. మంగళవారం బడి లేకపోతే ఇద్దరం కనకత్త వెంట దవాఖానాకు పోయేవాళ్లం. ఆ పొడుగాటి లైనులో మూడు గంటలు నిలబడటం మాకు పండగ. ఎవరు ఎట్లా దగ్గుతారు, చీటీలు రాసేటాయన కళ్లజోడు పైనుంచి ఎట్లా చూస్తాడు, ముందు నిలబడ్డవాళ్లు వెనకవాళ్లతో ఎంత గర్వంగా మాట్లాడతారు, అన్నీ చూసుకుని వచ్చి ఇంట్లో చేసేవాళ్లం. కనకత్త కూర్చుని చూసేది. బాగా చేస్తే ఏమీ అనేది కాదు. చెడగొడితే మాత్రం, "గాయిన గట్ల ఎందుకన్నడు?" అని అడిగేది. మాకు జవాబు రాకపోతే, "తెల్వకుంట జెయ్యద్దు" అని లేచిపోయేది.

డిగ్రీలో చేరాక కాలేజీ వార్షికోత్సవానికి నాటకం వేస్తున్నారని తెలిసి ఇద్దరం పేర్లిచ్చాం. నాటకం వేయించే సారు మంచివాడు, నాటకమంటే ప్రాణం పెట్టేవాడు. నాతో రెండు వాక్యాలు మాట్లాడించి చూసి, "నీ యాస సహజంగా ఉందమ్మా, పనిమనిషి వేషానికి సరిగ్గా సరిపోతుంది" అన్నాడు. నేను పొంగిపోయాను. రిహార్సల్స్ మొదలయ్యాక సంగతి అర్థమైంది. నాటకంలో అందరూ రేడియో వార్తల్లా మాట్లాడతారు, పనిమనిషి ఒక్కతే మా వాడలో మాట్లాడినట్టు మాట్లాడుతుంది. నేను "పోతాన్న అమ్మా" అంటే చాలు, నవ్వు. ఆ తర్వాత పళ్లెంతో సహా జారి పడాలి, ఇంకా పెద్ద నవ్వు. నేను ఏమీ చేయకుండానే నవ్వుతున్నారు. మా అవ్వ మాట్లాడే మాటకు, మా ఖాలా మాట్లాడే మాటకు నవ్వుతున్నారు.

ఇంటికొచ్చి కనకత్త ముందు ఆ వేషం మొత్తం చేసి చూపించాను. పడటం కూడా చేశాను, మోచెయ్యి గీరుకుంది. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ విని, "ఆ పనామెకు ఏం గావాలె?" అంది.

"ఏం గావాలంటే?"

"కండక్టర్‌కు సీటు గావాలె. లైన్ల ఉన్నోనికి మందు గావాలె. ఈమెకేం గావాలె?"

ఆలోచించాను. నాటకం పుస్తకం తెచ్చి మళ్లీ చదివాను. ఆమెకు ఏమీ అక్కర్లేదు. పడటానికే ఉంది.

"ఏం వద్దనే మనిషి నాకు ఇంతవరకు గనవడలే," అంది కనకత్త. "గామె మనిషే గాదు. నువ్వు మనిషిని జెయ్యి బిడ్డా."

మర్నాడు సారుకు ఆ వేషం వేయనని చెప్పాను. ఆయన నొచ్చుకున్నాడు, "నీ ఇష్టం" అని వేరే అమ్మాయిని తీసుకున్నాడు. తోడొచ్చిన జరీనా, నేను బయటికి వచ్చేస్తుంటే ఆయన ఇంకెవరితోనో బెంగగా చెప్పుకుంటున్నాడు. మొదటి నాటకం అయ్యాక రెండో నాటకానికి సెట్టు మార్చాలి, పది నిమిషాలు పడుతుంది, ఆ పది నిమిషాలు కుర్రాళ్లు ఈలలేసి కుర్చీలు విరగ్గొడతారు. జరీనా వెనక్కి తిరిగి, "సార్, తెర ముందు ఆ పది నిమిషాలు మేం చేస్తం" అంది. నన్ను అడగనైనా అడగలేదు. సారుకు ఎవరో ఒకరు దొరికితే చాలు, సరే అన్నాడు.

దవాఖానా లైను చేయాలనుకున్నాం. జరీనా చీటీలు రాసే గుమాస్తా, నేను మోకాలు నొప్పితో వచ్చిన ముసలి నేతాయన. గుమాస్తాకు కావలసింది చల్లారిపోతున్న చాయ్ తాగడం. ముసలాయనకు కావలసింది నొప్పి ఎక్కడుందో చెప్పడం. గుమాస్తా పేరు అడుగుతాడు, తండ్రి పేరు అడుగుతాడు, ఊరు అడుగుతాడు, నొప్పి ఎక్కడో మాత్రం అడగడు. గ్లాసు నోటిదాకా పోతుంది, ముసలాయన మాట్లాడతాడు, గ్లాసు కిందికి దిగుతుంది. ముసలాయన ఎట్లా ఉండాలని నేను వెతుక్కోనే లేదు. నాకు తెలిసిన ముసలి నేతాయన మా బాపే. అప్పటికి ఆయనకు యాభై కూడా లేవు, కానీ మగ్గం ఆయనను ముందే ముసలాయనను చేసింది. ఆయన ధోవతి, ఆయన రుమాలు దండెం మీది నుంచి సంచిలో పెట్టుకున్నాను. ఇంట్లో కనకత్తకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

వార్షికోత్సవానికి కాలేజీవాళ్లు హాల్లో కింద పరచడానికి పెద్ద జంపఖానా నేయించుకున్నారు. అది మా ఇంట్లో నేసిందేనని నాకు తెలుసు. దాన్ని తెచ్చి ఇవ్వడానికి బాపే వస్తాడని, వచ్చినవాణ్ని అటెండరు "ఇంత దూరమొచ్చినవ్, జర సేపు జూసిపో పెద్దమనిషీ" అని కూర్చోబెడతాడని మాత్రం తెలియదు.

మొదటి నాటకం అయింది. తెర పడింది. వెనక బల్లలు ఈడ్చే చప్పుడు. జరీనా ఒక మూల నుంచి రిజిస్టరుతో, చాయ్ గ్లాసుతో వచ్చి కూర్చుంది. నేను ఇంకో మూల నుంచి కుంటుకుంటూ వచ్చి నిలబడ్డాను. జరీనా బొంగురు గొంతుతో "ఏయ్, ఎవలయ్యా?" అంది. నేను నడుము నుంచి పైకి, మెల్లగా, తలుపులా తిరిగాను. మాట మొదలు పెట్టకముందే హాలంతా పగలబడి నవ్వింది. అట్లా తిరుగుతున్నప్పుడే గోడ పక్కన, జంపఖానా అంచు మీద, మోకాళ్లు దగ్గరగా పెట్టుకుని కూర్చున్న మా బాపు కనిపించాడు.

జరీనా కూడా చూసింది. రిజిస్టరు అడ్డం పెట్టుకుని, "మీ బాపు" అంది.

"జూసిన."

"ఏం జేద్దమే?"

ఆపేసి లోపలికి పరుగెత్తాలనిపించింది. కానీ ఆపితే అందరూ నా చూపు పోయిన వైపు చూస్తారు, ఆయనను గుర్తుపడతారు. ఆయనను కాపాడాలంటే ఇంకెవరూ పక్కకు చూడలేనంత బాగా చేయడం తప్ప నాకు దారి లేదు. "అడుగు," అన్నాను జరీనాతో.

"వయసెంత?" అంది గుమాస్తా.

"నాదా, మోకాలుదా?"

"రెంటికి ఫరకేముంటది?"

"నాకు అరవై. మోకాలు ఎనభై దాటింది. గదే పెద్దది, దాన్ని ముందుగాల గూసుండబెట్టుండ్రి."

ఆ నవ్వు ఇప్పటికీ నా ఒంట్లో ఉంది. తెర వెనక సెట్టు మార్చేవాళ్లు పని ఆపి తెర సందుల్లోంచి తలలు పెట్టారు. పది నిమిషాలు పద్దెనిమిదయ్యాయి. మధ్యలో ఒకసారి గోడ వైపు చూశాను. బాపు పక్కన కూర్చున్న ఒకాయన ఆయన భుజం మీద తట్టి, మమ్మల్ని చూపిస్తూ ఏదో అంటున్నాడు. రెండోసారి చూసేసరికి ఆ చోటు ఖాళీగా ఉంది. చప్పట్లు కొడుతూనే ఉన్నారు, సారు వచ్చి మా ఇద్దరి చేతులూ పట్టుకుని ఊపుతున్నాడు. నేను ధోవతి విప్పి మడత పెడుతూ ఏడుస్తున్నాను.

మూడు రోజులు బాపు మాట్లాడలేదు. మామూలుగా మాట్లాడని మనిషి మాట్లాడకపోతే ఎట్లా తెలుస్తుందంటే, అన్నం దగ్గర చెయ్యి ఊపడం కూడా మానేశాడు. అవ్వ నా వైపు, ఆయన వైపు మార్చి మార్చి చూసేది. చదువు మాన్పిస్తాడనుకున్నాను. కనకత్తను బతిమాలాను, నువ్వన్నా చెప్పు అని. "ఏం జెప్పను?" అంది. "ఉండనీ. లోపల నేస్తాండు. పూర్తయితే తెంపి తెస్తడు."

నాలుగో రోజు మధ్యాహ్నం అరుగు మీద ఆడవాళ్లు దారం చుడుతుంటే పంజా చప్పుడు ఆగింది. "కౌసల్యా, ఇటు రా" అని పిలిచాడు. నేను పోయి మగ్గం పక్కన నిలబడ్డాను. "గా దవాఖానది చేసినవు గద. గది మల్ల చెయ్యి."

"వద్దు బాపూ. ఇంకెప్పుడు చెయ్య."

"చెయ్యమంటాన్న గద."

చేశాను. నడుము నుంచి తిరిగాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "తప్పు," అన్నాడు. మగ్గం మీది నుంచి లేచి, ధోవతి దులుపుకుని, నా చోట నిలబడ్డాడు. "ఎవలన్న 'ఏయ్' అంటె నేను తిరుగుతనా? తిరగ. నన్ను గాదనుకుంట. ముందుగాల ఎనుకకు జూస్త, ఇంకెవలన్న ఉన్నరేమోనని. లేకపోతె పక్కకు జూస్త. గప్పుడు గూడ ఎవలు లేకపోతె, ఇగ తప్పదు గదా అని..." అని చేసి చూపించాడు. వెనక్కి చూశాడు, గోడ ఉంది. పక్కకు చూశాడు, మగ్గం ఉంది. ఆ తర్వాత మెల్లగా, గొప్ప నిరాశతో, పిలిచినవాడి వైపు తిరిగాడు. అరుగు మీద ఒక రాట్నం కింద పడింది. ఆడవాళ్లందరూ ఒక్కసారే నవ్వారు. మా అవ్వ దారపు కండె చేతిలో పట్టుకుని, కొంగు సంగతి మరిచిపోయి, నోరు తెరిచి నవ్వింది. ఆమెకు కుడి పక్క ఒక పన్ను వంకరగా ఉందని నేను ఆ రోజే చూశాను. ఆ నవ్వు విని మగ్గం ఆపడానికి బాపు ఈసారి మగ్గం మీద లేడు.

నవ్వు తగ్గాక నెమ్మదిగా అన్నాడు: "పక్కన గూసున్నాయిన నా బుజం గొట్టి, 'అచ్చం నీ లెక్కనే ఉన్నడు గదనే' అన్నడు. మొకం ఏడ పెట్టుకోవాల్నో తెల్వక లేచొచ్చిన. నన్ను జూసి నవ్విన్రనుకున్న. మూడొద్దులు ఆలోచన జేసిన. వాళ్లు నవ్వింది గా చీటీలు రాసేటోన్ని జూసి. నా దిక్కే ఉన్నరు అందరు." మళ్లీ మగ్గం మీద కూర్చున్నాడు. "ఇంకోపారి చేస్తె మంచిగ జెయ్యి. ఎవర్ని జేస్తాన్నవో ఆ మనిషి హాల్ల ఉన్నడనుకొని జెయ్యి."

నాకు తెలిసిన హాస్య శాస్త్రమంతా ఆ ఒక్క వాక్యమే. దాని తర్వాత నేను చదివిన పుస్తకాలు చాలా ఉన్నాయి, కూర్చున్న సెమినార్లు ఉన్నాయి. ఇంతకు మించి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆ వెనక్కి చూడటం, పక్కకు చూడటం చేర్చి, హైదరాబాదులో కాలేజీల పోటీకి వెళ్లాం. ఒక న్యాయనిర్ణేత, "బాగుంది కానీ ఇది నాటక భాష కాదు" అన్నాడట. మిగిలిన ఇద్దరు కళ్లు తుడుచుకుంటూ మొదటి బహుమతి మాకే రాశారు. ఆ పోటీ చూసిన ఒక సినిమా మేనేజరు నన్ను మద్రాసు పిలిచాడు. జరీనాకు అప్పటికే నర్సు ట్రైనింగులో సీటు వచ్చింది, "నువ్వు నవ్వియ్యి, నేను సూదులిస్త, రెండిటితోని జనం బాగుపడాలె గద" అని నన్ను కాజీపేటలో రైలెక్కించింది. బాపు వచ్చాడు. రైలు కదిలేదాకా కిటికీ ఊచ వదలలేదు.

మద్రాసులోనూ నాకు పనిమనిషి వేషాలే ఇచ్చారు. మొదటి రోజే డైరెక్టరు కాఫీ పళ్లెంతో జారి పడమన్నాడు. "ఈమెకు ఏం కావాలి సార్?" అని అడిగాను. ఆయనకు ప్రశ్న అర్థం కాలేదు. ఒక్కసారి నా పద్ధతిలో చేస్తానని బతిమాలాను. నేను చేసిన పనిమనిషికి హాల్లో మాట్లాడుకుంటున్న పెళ్లి సంగతులు పూర్తిగా వినాలి. వినాలంటే అక్కడే ఉండాలి. ఉండాలంటే కాఫీ పోస్తూనే ఉండాలి. కప్పు నిండింది, సాసర్ నిండింది, పెద్దమనిషి ఒడి నిండింది, ఆమె చెవి మాత్రం మాటల మీదే. పైన లైట్లు పట్టుకున్నవాళ్లు నవ్వారు. వాళ్లు రోజంతా నవ్వు సీన్లు చూసి చూసి రాయిలా అయినవాళ్లు. డైరెక్టరు పైకి చూసి, "ఇదే ఉంచండి" అన్నాడు. ఆ తర్వాత ఎన్నో సినిమాల్లో పనిమనిషిని చేశాను, ఏ ఒక్కదాంట్లోనూ జారి పడలేదు.

సొంతంగా సినిమా తీస్తానన్నప్పుడు, కథానాయిక మా వాడ భాషలోనే మాట్లాడుతుందని చెబితే, ఒక డిస్ట్రిబ్యూటరు నవ్వాడు. "ఈ భాష నవ్వుకోవడానికి బాగుంటుందమ్మా, ప్రేమించడానికి పనికిరాదు." నేను చెప్పాను: "మా ఊళ్లో అందరూ ఈ భాషలోనే ప్రేమించుకున్నారండీ. పిల్లలు కూడా పుట్టారు." ఆ మాటకు ఆయన నవ్వాడు, ఆ నవ్వు మీదే సినిమా కొన్నాడు. ఇప్పటి పిల్లలు ఫోను ముందు నిలబడి మా యాసలో మాట్లాడి లక్షలమందిని నవ్విస్తున్నారు. ఎవరూ ఇది తెర భాష కాదని అనరు, అనే ధైర్యం ఎవరికీ లేదు. ఆ రోజులే బాగుండేవని నేను అనను. ఆ రోజుల్లో మా అవ్వ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇప్పుడు నా అసిస్టెంటు పిల్ల నవ్వితే కింది ఇంటివాళ్లకు వినిపిస్తుంది. ఇదే బాగుంది. తక్కువైనది ఒకటే, మూడు గంటలు లైనులో నిలబడి మనుషులను చూసే ఓపిక. అది కూడా కొందరికి ఉంది, వాళ్లను నేను చూడగానే గుర్తుపడతాను.

ఆ మొదటి సినిమా వరంగల్‌లో మొదటి రోజు మధ్యాహ్నం ఆటకు అందరం వెళ్లాం. బాపు ఇస్త్రీ చొక్కా వేసుకుని, తెర వైపు కాకుండా జనం వైపు తిరిగి కూర్చున్నాడు. ఆట అయ్యేదాకా నేత చూసినట్టు వాళ్ల ముఖాలే చూశాడు. తర్వాత, "రెండు చోట్ల వదులున్నది" అన్నాడు. ఏ రెండు చోట్లో కూడా చెప్పాడు. నిజమే, రెండూ నేను కోయించాను.

ఆ సినిమాలో పెళ్లిచూపుల సీను ఒకటి ఉంది. పెళ్లికొడుకు తండ్రి సకినాలు నములుతూ, "పిల్లకు పాట అచ్చునా?" అని అడుగుతాడు. పిల్ల నాయనమ్మ వేషం నాదే. ఆమె జవాబు చెప్పే ముందు అతని ముఖంలోకి చాలాసేపు ఊరికే చూస్తుంది. ఆ మౌనం మరీ పొడుగైందని ఎడిటరు నాతో రెండు రోజులు పోట్లాడాడు, నేను ఒక్క ఫ్రేము తీయనివ్వలేదు. ఆ మధ్యాహ్నం ఆటలో ఆ చోటు వచ్చింది. హాలంతా నిశ్శబ్దం. తెర మీద నేను చూస్తున్నాను, చూస్తున్నాను. నా వెనక సీట్లోంచి కనకత్త, పక్కింటామెతో మాట్లాడినంత మామూలుగా అంది: "ముందుగాల నీ కొడుకును పాడుమను!"

హాలు లేచిపోయింది. ఈలలు, కుర్చీల చప్పుడు, ఆడవాళ్ల అరుపులు. ఆ తర్వాత తెర మీద నాయనమ్మ ఏమందో, నేను వారం రోజులు కూర్చుని రాసుకున్న మాట, ఒక్కరికీ వినిపించలేదు. ఆట అయ్యాక జనం నా దగ్గరికి రాలేదు, కనకత్త చుట్టూ మూగారు. నేను పక్కన నిలబడి ఆమె చేతి సంచి పట్టుకున్నాను. నా జీవితంలో అంత గర్వంగా ఎప్పుడూ నిలబడలేదు. హాలు మేనేజరు జనాన్ని తోసుకుంటూ వచ్చి, చేతులు జోడించి, "అమ్మా, రేపు గూడ రావాలె. గా మాట రేపు గూడ అనాలె" అన్నాడు.

కనకత్త అతన్ని కింది నుంచి పైదాకా చూసింది. "వస్త," అంది. "గని అన్న మాట మల్ల అన."

పదకొండు రోజులు వెళ్లింది. పదకొండు రోజులూ ఆ మౌనంలో పదకొండు కొత్త మాటలు అంది.